సమస్యాపూరణం: వ్యాను చేత నోడె వన్నె కారు

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది (నాలుగు పాదాల తెలుగు పద్యం) చివరి పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి.

“వ్యాను చేత నోడె వన్నె కారు”

వ్యాను అంటే మన వీధుల్లో తిరిగే మారుతి ఈకో. 1.2 లీటర్ల ఇంజిను, దాదాపు 80 హార్స్ పవర్, ఐదు గేర్లు. కారు అంటే ఇంగ్లండులోని ఆబింగ్‌డన్‌లో 1945 నుంచి తయారైన ఎం.జి. టి.సి. అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. 1250 సి.సి., 54 హార్స్ పవర్, నాలుగు గేర్లు. ఇంజిన్లు దాదాపు ఒకే సైజు కాబట్టి పోటీ న్యాయమైనదే. ఇక కానివ్వండి.

స్టెప్నీ:

గుఱ్ఱ బలము చూడ గొప్పది వ్యానెగా
యెనుబది కలదిచట నేబదియట
కొండ దారిలోన గొణిగి నిలిచిపోవ
వ్యాను చేత నోడె వన్నె కారు

నిర్వాహకుడు: స్టెప్నీ గారూ, పూరణ బాగుంది. ‘గొణిగి’ అన్న మాటలో పాత ఇంజిను వినిపించింది. కానీ 54లో నాలుగు గుర్రాలు ఎక్కడ కట్టేశారు?

స్టెప్నీ: అవి గణాల్లో (పాదంలోని అక్షరాల కొలతల్లో) ఇమడలేదండీ.

గేరుపుల్ల: ‘గొప్పది వ్యానెగా’లో ఒత్తున్న ‘వ్యా’ ముందున్న ‘ది’ గురువు (రెండు మాత్రల అక్షరం) కాదా?

నిర్వాహకుడు: వేరే పదం కాబట్టి లఘువుగానే (ఒక మాత్రగానే) తీసుకోవచ్చు. గురువనుకున్నా భగణం (గురువు, లఘువు, లఘువు) రగణమవుతుంది (గురువు, లఘువు, గురువు), రెండూ ఇక్కడ చెల్లే ఇంద్రగణాలే. టెన్షన్ లేదు.

చువ్వచక్రం: కారు తరఫున నేను.

చువ్వ చక్రములును చూడచక్కని రూపు
పైన కప్పు లేని పాత సొగసు
పాత బడిన కొలది పైకేగు ధర దీని
వ్యాను చేత నోడె వన్నె కారు?

అంకెల్లో ఓడిందని కారును తీసెయ్యకండి. స్టీరింగ్ కుడివైపే ఉన్నా అమెరికా వాళ్లు టి.సి.ని ఎగబడి కొన్నారు. అక్కడ స్పోర్ట్స్ కార్ల పిచ్చి పట్టించిన వాటిలో ఇదొకటి. 19 అంగుళాల సన్నని చక్రాలతో మలుపు తిరుగుతుంటే గుర్రపు బలం ఎవరడుగుతారు?

నిర్వాహకుడు: ప్రశ్నగా మార్చి సమస్యను దాటేశారు, ఒప్పుకున్నాను. అయితే రెండో పాదంలో ‘పాత’, మూడో పాదంలో మళ్లీ ‘పాత’. ఒకటి మార్చి ఉంటే బాగుండేది. కప్పు లేకపోవడం ఎండాకాలంలో సొగసు కాదని నా సొంత అభిప్రాయం, దానికి మార్కులు తగ్గించను.

కొత్తకలం: మొదటి ప్రయత్నం. తప్పులుంటే చెప్పండి.

పెండ్లి వారి నెల్ల పిండివంటల తోడ
మోసి తెచ్చె నిట్టె నవ్వుకొనుచు
రెండు సీట్లు గనుక రిక్తహస్తమె చూపి
వ్యాను చేత నోడె వన్నె కారు

నిర్వాహకుడు: ఊహ అన్నిటికంటే మీదే బాగుంది. ఇంజిన్ల గొడవలో అందరం సీట్లు మరిచిపోయాం. రెండో పాదంలో ‘మో’కు ‘న’తో యతి (పాదం మొదటి అక్షరానికీ మధ్యలోని అక్షరానికీ ఉండాల్సిన పొంతన) చెల్లదు, ‘మురిసికొనుచు’ అంటే సరి. మూడో పాదంలో యతి ఉంది కానీ నుడికారం కుదరలేదు. రిక్తహస్తాలతో తిరిగొస్తాం, లేదనడానికి చూపేది మొండిచెయ్యి.

కొత్తకలం: ధన్యవాదాలండీ. సవరించాను:

పెండ్లి వారి నెల్ల పిండివంటల తోడ
మోసి తెచ్చె నిట్టె మురిసికొనుచు
ముందు రెండె సీట్లు మొండిచెయ్యిని చూప
వ్యాను చేత నోడె వన్నె కారు

నిర్వాహకుడు: ఇప్పుడు అరిసెల వాసన కూడా వస్తోంది.

స్టెప్నీ: చువ్వచక్రం గారూ, చివరి ప్రశ్న గుర్తు చెరిపేస్తే మీ కారూ ఓడినట్టే.

చువ్వచక్రం: అందుకే గట్టిగా బిగించాను, ఊడదు.