జెన్నే మట్టి మసీదు వానకు కరగదా?

చౌడుమిద్దె:
మాలి దేశంలోని జెన్నే పెద్ద మసీదు ఫొటో చూసినప్పటి నుంచి ఒకటే అనుమానం. మొత్తం పచ్చి ఇటుకలు, పైన మట్టిపూత. మాది అనంతపురం వైపు. చిన్నప్పుడు చౌడుమిద్దెలోనే ఉండేవాళ్లం. ఏటా వానలకు ముందు మా అవ్వ బండెడు చౌడు తోలించి మిద్దెమీద పోయించేది. ఒక ఏడు కొత్త చౌడు పోసినా కారింది. రాత్రంతా చెంబులూ తపేలాలూ పెట్టుకుని కూర్చున్నాం. పొద్దున్నే చౌడు తోలినాయనకు అవ్వతో చీవాట్లు. మరి అంత మసీదు ఎట్లా నిలబడింది? లోపల సిమెంటు ఉందా? గోడలకు గుచ్చిన ఆ కట్టెలు సోకుకా?

తాటిముంజె:
సిమెంటేం లేదు బాసూ. ఇప్పటి కట్టడం 1907 నాటిది. ఆ కట్టెలు ఆఫ్రికా తాటివి, మన తాటిచెట్టుకు చుట్టమే. ‘తోరోన్’ అంటారు. పరంజా కూడా అవే, ఏటా మట్టి మెత్తే రోజు వాటిమీదే ఎక్కుతారు. ఆ రోజు ఊరంతా జాతర. ఊక కలిపి నానేసిన మట్టిని కుర్రాళ్లు తట్టల్లో పరుగు పందెం పెట్టుకుని మోసుకొస్తారు, ఆడవాళ్లు నీళ్లు తెస్తారు.

పాతమేస్త్రి:
తమ్ముడూ, ముందు మీ మిద్దె నీళ్లు ఎటు పోయేవో చెప్పు. నలభై ఏళ్లుగా తాపీ పట్టినవాణ్ణి, గోడకన్నా ముందు గొట్టం చూస్తా. జెన్నేలో కాల్చిన మట్టి గొట్టాలు గోడకు ఎడంగా బయటికి చాచి ఉంటాయి, నీరు పూతను తాకకుండా పడుతుంది. అక్కడి పాత మసీదు ఎట్లా పోయిందనుకున్నావ్? 19వ శతాబ్దంలో ఊరిని గెలిచిన సేకు అమాదుకు అది నచ్చలేదు. పడగొట్టలేదు, నీళ్ల గొట్టాలు మూయించాడని చెబుతారు. మిగతా పని వానలే చూసుకున్నాయి. 1828లో ఫ్రెంచి యాత్రికుడు రెనే కాయ్యే వచ్చేసరికి లోపల పిట్టల కాపురాలే. ఇప్పటిదానికీ 2009 నవంబరులో ఒక్క రోజు కుండపోతకే ఒక బురుజు పైభాగం కూలింది.
ఇంకోటి, మట్టిగోడకు సిమెంటు పూయమనేవాళ్లను దగ్గరికి రానీకు. చెమ్మ లోపలే చిక్కి పెచ్చులూడుతుంది.

చౌడుమిద్దె:
మేస్త్రీ, గొట్టం అనగానే గుర్తొచ్చింది. ఆ ఏడు నా రబ్బరు బంతి మిద్దెమీద పోయింది. ఎండాకాలంలో గొట్టంలోంచి తీశాను. అవ్వకు ఇంతవరకూ చెప్పలేదు.