గోష్ఠిని నడిపించేవాళ్లు సేవ చేయాలా, శాసించాలా? (చర్చ)

గాత్రం విద్యార్థిని:
మా సంగీత కాలేజీలో త్యాగరాజ ఆరాధనకి పంచరత్నాల గోష్ఠి, అంటే త్యాగరాజస్వామి ఐదు పెద్ద కృతులు అందరూ కలిసి పాడేది, నడిపించే పని ఈసారి నాకు అప్పజెప్పారు. నాకంటే మంచి గొంతు ఉన్నవాళ్లు, ఎక్కువ కృతులు వచ్చినవాళ్లు ఉన్నారు కాబట్టి నా ఆలోచన ఏంటో ముందే చెప్పేస్తున్నా. మైకు ముందు కూర్చోవడాన్ని నేను నాయకత్వం అనుకోను. అందరికంటే ముందొచ్చి తంబురా శ్రుతి చేసి పెట్టాలి, వాటిలో ఒకటైన 'కనకనరుచిరా' చరణాలు ఇంకా పట్టుబడనివాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని స్వరం, సాహిత్యం రెండూ నోటికి వచ్చేదాకా విసుక్కోకుండా చెప్పించాలి, అలా చేసేవాళ్లే నడిపించాలి. త్యాగరాజస్వామి తంజావూరు దర్బారు పిలిచినా వెళ్లలేదు, ఉంఛవృత్తితో, అంటే ఇంటింటా భిక్షతో బతుకుతూ వచ్చినవాళ్లకి పాట చెప్పారు, ఆ శిష్యుల వల్లే ఈ కృతులు మన దాకా వచ్చాయి. సేవ చేయనివాళ్లకి నడిపించే హక్కు లేదని నా నమ్మకం. కాదంటే ఎందుకో చెప్పండి.

మృదంగం:
నేను కాదంటాను. మీరు చెప్పినవి మంచి పనులే కానీ గోష్ఠిలో కాలం (పాట నడిచే వేగం) పరిగెత్తుతుంటే అవేవీ దాన్ని ఆపవు. పంచరత్నాల్లో 'సాధించెనె' మొదలుపెట్టిన కాలం ఒకటి, చివరి చరణాలకి వచ్చేసరికి ఇంకొకటి, మృదంగం వాయించేవాడికి తెలుస్తుంది ఆ బాధ. అప్పుడు ఎవరో ఒకరు గట్టిగా తాళం వేసి అందర్నీ వెనక్కి లాగాలి, రిహార్సల్లో అయితే ఆపేసి మళ్లీ ఎత్తుకోమనాలి, ఎవరైనా నొచ్చుకున్నా సరే. సేవ సేవ అనేవాళ్లు అందరితో సర్దుకుపోతారు. శ్రుతి సంగతి కూడా చూడండి. ఆడపిల్లలకి ఐదు, మగపిల్లలకి ఒకటి (అంకె పెరిగితే శ్రుతి పైకి వెళ్తుంది), ఎక్కడ పెట్టినా సగం మందికి ఇబ్బందే. అది తంబురా మోసినంత మాత్రాన తేలదు.

పాత విద్యార్థిని:
నా అభ్యంతరం వేరు. సంగీతంలో సేవ అనే మాట వింటేనే నాకు టెన్షన్. నేను నేర్చుకున్న చోట పాఠం తక్కువ, ఇంటిపని ఎక్కువ, అడిగితే శుశ్రూష చేస్తేనే విద్య అబ్బుతుందనేవారు. మగపిల్లలు సాధనకి కూర్చుంటే చాపలు వేసిందీ కాఫీలు ఇచ్చిందీ మేమే, మమ్మల్ని నాయకులని ఎవరూ అనలేదు.

తిరువయ్యారులో జరిగింది చూడండి. గాయని బెంగళూరు నాగరత్నమ్మగారు సొంత సంపాదన పెట్టి త్యాగరాజస్వామి సమాధి దగ్గర గుడి కట్టించారు, 1925లో ప్రతిష్ఠ జరిగింది. అంత చేసినా ఆరాధనలో ఆడవాళ్లని పాడనివ్వలేదు. అప్పుడావిడ ఆడవాళ్లతో వేరే జట్టు కట్టి అక్కడే పాడించారు, 1940లో ఆరాధన విడివిడిగా చేస్తున్న వర్గాలన్నీ ఒక్కటయ్యేదాకా నిలబడ్డారు. గుడి కట్టించినందుకు దక్కని చోటు జట్టు కట్టి నిలబడితే దక్కింది. అందుకే చెల్లీ, ముందు నీ చోటు గట్టిగా పట్టుకో.

గాత్రం విద్యార్థిని:
అక్కా, మీకు జరిగింది సేవ కాదు, చాకిరీ. కిందివాళ్ల చేత పైవాళ్లు చేయించుకున్నారు. నేనంటున్నది వచ్చినవాళ్లు రానివాళ్లకి చేయడం. ఘంటసాలగారు నేర్చుకోవడానికి విజయనగరం వెళ్తే పట్రాయని సీతారామశాస్త్రిగారు డబ్బు తీసుకోకుండా పాఠం చెప్పారు. మధుకరం ఎత్తుకుని, అంటే ఇళ్లలో అన్నం అడుక్కుని తింటున్న పిల్లాడి దగ్గర ఆయనకి వచ్చేదేముంది? నాగరత్నమ్మగారు కూడా ఆ జట్టు తనొక్కరి పాట కోసం కట్టలేదు కదా, వెనక నిలబడ్డ వాళ్లందరి కోసం కట్టారు. నా దృష్టిలో గుడి కంటే అది పెద్ద సేవ.

మృదంగం గారూ, శ్రుతి నేనే తేలుస్తాను. ఐదు నాకు హాయి, కానీ అందులో మగపిల్లలు పైస్థాయి అందుకోలేరు. మూడు పెడితే మంద్రంలో, అంటే కింది స్వరాల్లో, నా గొంతు వినపడదు. అయినా మూడే పెడతాను. నడిపించేదాన్ని కాబట్టి ఆ ఇబ్బంది ముందు నేనే పడాలి.

వెనక వరస:
ఎప్పుడూ రాయను, ఇది చదివాక ఆగలేకపోయా. గోష్ఠిలో వరాళి రాగం, అదే 'కనకనరుచిరా', వచ్చేసరికి ఉత్తినే పెదాలు కదిపేవాళ్లలో నేనూ ఉన్నాను. ఏళ్ల తరబడి ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఎవరైనా ఒక్క చరణం కూర్చుని చెప్పి ఉంటే, కాలం పరిగెడుతోంది ఆపమన్నప్పుడు వాళ్ల మాట వినేదాన్ని. మృదంగం గారు ఇది ఆలోచించాలి. తాళం ఎంత గట్టిగా వేసినా పాట రానివాళ్లు పక్కవాళ్ల నోరు చూసి పాడతారు, మీ చెయ్యి చూడరు. కాలం చెడేది అక్కడే.

మృదంగం:
ఈ మాట నాకు తట్టలేదు, నిజమే. శ్రుతి గురించి కూడా ఒప్పుకుంటున్నా. కానీ ఆరాధన రోజు ముందు వరసలో పెద్ద విద్వాంసులు కూర్చుని వాళ్లే పరుగు పెట్టిస్తే ఆపగలరా? పెద్దలకి ఎదురు చెప్పడం ఏ సేవలోకి వస్తుంది?

గాత్రం విద్యార్థిని:
వెనక వరసవాళ్ల సేవలోకే వస్తుంది. కాలం పెరిగితే మొదట పాట జారిపోయేది వాళ్లకే. వాళ్ల కోసమైతే పెద్దలకి దణ్ణం పెట్టి మరీ చెప్తాను.

పాత విద్యార్థిని:
సరే చెల్లీ. చాపలు, కాఫీలు ఈసారి మగపిల్లలకి అప్పజెప్పు. కొత్తగా నేర్చుకున్నవాళ్లలో కొందర్ని ముందు వరసలో కూర్చోబెట్టు. అది జరిగితే నేనూ వచ్చి పాడతాను.