లడ్లమైట్, వివియనైట్ వేర్వేరు ఖనిజాలెలా అయ్యాయి?

ప్రశ్న: లడ్లమైట్, వివియనైట్ రెండూ నీటితో కూడిన ఇనుప ఫాస్ఫేట్‌లే, రెండూ మోనోక్లినిక్ (మూడు అక్షాల్లో ఒకటి వాలుగా ఉండే రకం) స్ఫటికాలే అయినప్పుడు, వాటిని వేర్వేరు ఖనిజాలుగా ఎందుకు వర్గీకరించారండీ?

జవాబు: తేడా అంతా నీటిలోనే ఉందండి. ఇనుము, ఫాస్ఫేట్ పాళ్లు ఒకటే అయినా, లడ్లమైట్ ఫార్ములాలో నాలుగు నీటి అణువులుంటే వివియనైట్‌లో ఎనిమిది ఉంటాయి. దాంతో లోపలి అమరికే మారిపోయి, లడ్లమైట్ కాఠిన్యం మోస్ కొలమానంపై (1 అతి మెత్తన, 10 అతి గట్టి) సుమారు 3.5 ఉండగా, వివియనైట్ మాత్రం గోటితో గీసినా గీత పడేంత మెత్తగా ఉంటుంది.

మరో జవాబు: లడ్లమైట్‌ది ఆపిల్ పచ్చ రంగు. వివియనైట్ మొదట లేతగా ఉన్నా, వెలుతురు తగిలితే ఇనుము ఆక్సీకరణం చెంది ముదురు నీలమవుతుంది. అయినా రంగొక్కటే చూసి ఖనిజాన్ని నిర్ణయించడం సరికాదని నా అభిప్రాయం.

ఇంకో జవాబు: లడ్లమైట్‌ను 1877లో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నమూనాల ఆధారంగా వర్ణించి, ఖనిజాల సేకరణకర్త హెన్రీ లడ్లమ్ పేరు పెట్టారు.