తుపాను హెచ్చరిక వచ్చిన రోజు పశువైద్యుడు ఎక్కడ ఉండాలి?

కృష్ణాతీరం:
మా మండలంలో వానలకు ముందు జరిగే విపత్తు సన్నద్ధత సమావేశానికి రెవెన్యూ, పోలీసు, విద్యుత్తు, వైద్యారోగ్య శాఖల వారిని పిలుస్తారు. పశువైద్యుడికి మాత్రం వరద తీశాక, చచ్చిన గొడ్లను లెక్కపెట్టడానికి కబురు వెళుతుంది. మొదటి సమావేశానికే ఆయన్ను పిలవాలని నా వాదన. మీరేమంటారు?

గట్టుమీద:
రెవెన్యూలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. నీళ్లు గడప దాటిన రాత్రి చేతిలో ఉండేవి రెండు పడవలు. ముసలివాళ్లను, బాలింతలను ఎక్కించాలా, పశువుల సంగతి చూడాలా? ముందు మనిషి ప్రాణం. పైగా ఉన్న ఒక్క డాక్టరును సమావేశాల్లో కూర్చోబెడితే ఆస్పత్రి ఎవరు చూస్తారు?

పాడిరైతు బిడ్డ:
అయ్యా, అలాంటి ఒక రాత్రి మా నాన్న పడవ ఎక్కలేదు. రెండు గేదెలు, ఇంకా ఈనని ఒక చూడి పడ్డ ఉన్నాయని. అమ్మ ఎంత ఏడ్చినా కదలలేదు. పొరుగాయన కొడవలితో పలుపులు కోసి గేదెలను కరకట్ట మీదికి తోలాకే నాన్న వచ్చారు. చీకట్లో ఆ పడ్డకు కట్టిన పలుపు మాత్రం తెగలేదు. మూడోనాడు వెళ్లి చూస్తే అది గుంజ దగ్గరే ఉంది, మెడ చుట్టూ తాడు కోసుకుపోయి. దానికి ఈదడం వచ్చు. కట్టి ఉండబట్టే చచ్చింది. పలుపులు విప్పి ఉంచండని పొద్దున్నే ఎవరైనా చెప్పి ఉంటే!

ప్రవాసి:
అమెరికాలో 2005లో కత్రినా తుపాను వచ్చినప్పుడు పెంపుడు జంతువులను వదిలి రాలేమని ఇళ్లలోనే ఉండిపోయినవాళ్లు చాలామంది. మరుసటి ఏడాదే, తరలింపు ప్రణాళికల్లో వాటికీ చోటు ఉండాలని అక్కడ చట్టం చేశారు. మనుషులను కాపాడటానికే ఆ చట్టం.

డెల్టా పశువైద్యురాలు:
గట్టుమీద గారూ, ఏడాదికి ఒక పూట కూర్చుంటే ఆస్పత్రి ఆగిపోదండీ. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకు ముందే పడాలి. నీళ్లలో నిలబడ్డ గొడ్డుకు అప్పుడు వేస్తే ఏం లాభం? కళేబరాల సంగతి ఇంకా కష్టం. మా డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీళ్లు ఊరతాయి. బావులకు దూరంగా, మెరకలో, గుంత ఎక్కడ తవ్వాలో, సున్నం ఎక్కడ ఉంచాలో ముందే గుర్తించాలి. దొమ్మ (ఆంత్రాక్స్) అనుమానం ఉన్న కళేబరాన్ని అసలు కోయనే కూడదు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమ పొలాల్లో మనుషుల శవాలూ పశువుల కళేబరాలూ కలిసే పడి ఉన్నాయి. పశువుల మూత్రం కలిసిన వరదనీళ్లలో నడిచిన మనుషులకు లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావచ్చు. ఇక్కడ పశువు ఆరోగ్యం, మనిషి ఆరోగ్యం అని గీత ఎక్కడ గీస్తాం?

పాడిరైతు బిడ్డ:
పరిహారం మాటా చెప్పండి మేడం. కొట్టుకుపోయిన గొడ్డుకు రుజువు ఏదని అడుగుతున్నారు.

డెల్టా పశువైద్యురాలు:
2022-26 కాలానికి ఇచ్చిన విపత్తు సహాయ నిధి నిబంధనల్లో పాడి గేదెకు 37,500 రూపాయలు, ఇంటికి మూడు పెద్ద పశువుల వరకే. కళేబరం దొరక్కపోతే ధ్రువీకరించడం కష్టం. అందుకే పశువు చెవికి వేసే పోగు (ట్యాగు) మీది 12 అంకెల సంఖ్యలు ఇంటింటికీ ముందే రాసుకోవాలంటాను. నేను పడవలు అడగడం లేదు. హెచ్చరిక వచ్చిన రోజు పశువులను గట్టెక్కించడానికి ఒక పూట అడుగుతున్నాను.

గట్టుమీద:
పడవల విషయంలో నా మాట మారదు. పలుపులు విప్పించే సంగతి మాత్రం మేము రాసిన ఏ ప్రణాళికలోనూ లేదు. దండోరాలోనే చేర్చాల్సింది.

కృష్ణాతీరం:
టీకాల తేదీలు, గుంతల జాగాలు, దండోరా మాట కాగితం మీద పెట్టి తహసీల్దారు గారికి ఇస్తాను. కరకట్ట మీదికి చేరిన పశువులకు ఎండుగడ్డి ఎవరు తెస్తారన్నది తేలలేదు. మీ ఊళ్లలో ఎవరైనా గడ్డివాములు మెరకలో వేయించి ఉంటే ఎలా కుదిరిందో రాయండి.