పాత మాన్యువల్ లెన్స్‌తో మా కుక్క కళ్ల మీద ఫోకస్ నిలవడం లేదు

పాత 58 ఎంఎం ఎఫ్/2 ఎం42 (పాత స్క్రూ మౌంట్) లెన్స్‌ని అడాప్టర్‌తో ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాకి పెట్టి ఇంట్లో మా కుక్కని తీస్తున్నాను. షట్టర్ 1/250 సెకను. మీటరు దూరంలో ఎఫ్/2 దగ్గర (అంటే అపర్చర్ పూర్తిగా తెరిచినప్పుడు) ఫోకస్‌లో ఉండే లోతు సుమారు 3.5 సెం.మీ. మాత్రమే. పదింటిలో ఎనిమిది ఫోటోల్లో ముక్కు స్పష్టంగా, కళ్లు మసగ్గా వస్తున్నాయి.

ఫోకస్ పీకింగ్ (ఫోకస్‌లో ఉన్న అంచుల్ని స్క్రీన్ మీద రంగుతో చూపించేది) పెడితే కళ్లకంటే మీసాల మీదే ఎక్కువ వెలుగుతోంది. జూమ్ చేసి చూసుకునేలోపే వాడు తల తిప్పేస్తాడు. అపర్చర్ కాస్త మూసి ఎఫ్/4లో తీస్తే కళ్లు కుదురుతున్నాయి కానీ, వెనకాల సుడి తిరిగినట్టుండే ఆ మసక పోతోంది. నేను ఈ లెన్స్ వాడేదే దానికోసం! ట్రైపాడ్ మీద నుంచి కదలని ఆటబొమ్మని తీస్తే ఎఫ్/2లోనూ పదునుగానే ఉంది, కాబట్టి లెన్స్, అడాప్టర్ బాగున్నట్టే.

కదిలే పెంపుడు జంతువుల్ని ఎఫ్/2లో తీసేవాళ్లు ఫోకస్ రింగ్‌ని ఒక దూరం దగ్గర వదిలేసి మీరే ముందుకీ వెనక్కీ కదులుతారా, రింగ్ తిప్పుతూనే ఉంటారా?