ఏటా 15 శాతం, ఆదాయం రెట్టింపు: ఈ అంకెలు యాడ నుంచి వస్తాయి?

తోతాపురి తోట (బంగారుపాళ్యం):
2016లో కేంద్రం, 2022కల్లా రైతు ఆదాయం రెట్టింపు అన్నప్పుడు మా నాయన అడిగింది ఒకటే: "ఏ ఏడాది ఆదాయానికి రెట్టింపు?" మామిడి ఒక ఏడు విరగ్గాస్తుంది, మరుసటేడు పూతే నిలవదు. కాపు లేని ఏడాదిని మొదలుగా పట్టుకుంటే, ఎవరూ ఏమీ చేయకుండానే మా ఆదాయం రెట్టింపు! ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం వాళ్లు స్వర్ణాంధ్ర 2047 ప్రణాళికలో ఏటా 15 శాతం వృద్ధి అంటున్నారు. అంటే దాదాపు ఐదేళ్లకోసారి రెట్టింపు. వీటి వెనక లెక్కేమైనా ఉంటుందా, లేక వేదిక మీద బాగా వినిపిస్తాయనా?

లెక్కల సారు (తిరుపతి):
లెక్క ఉంటుంది, కాకపోతే తర్వాత వేస్తారు. రెట్టింపు మాట ఫిబ్రవరిలో వచ్చింది, దానికి దారి చూపాల్సిన అశోక్ దల్వాయి కమిటీని ఏప్రిల్‌లో వేశారు. ముహూర్తం పెట్టేసి పిల్లను వెతికినట్టు. ధరల పెరుగుదల తీసేశాక కూడా ఏటా 10.4 శాతం పెరగాలని ఆ కమిటీ తేల్చింది.

జాతీయ నమూనా సర్వే ప్రకారం రైతు కుటుంబం నెల ఆదాయం 2012-13లో 6,426 రూపాయలు, 2018-19లో 10,218. ఇందులో ధరల పెరుగుదల తీసేయలేదు. అసలు సంగతి లోపల ఉంది: ఆ 10,218లో కూలి, జీతాల మీద వచ్చింది 4,063, పంట మీద 3,798. రైతు కుటుంబానికి సేద్యం కంటే కూలే ఎక్కువ పెడుతోంది.

పాత ఉద్యోగి (చిత్తూరు):
అన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు. తేదీ పెట్టకపోతే ఫైలు కదలదు, నేను చూసినవాణ్ణే. కరెంటు లేని ఊళ్లకు వెయ్యి రోజుల్లో ఇస్తామని 2015లో అన్నారు, 2018 ఏప్రిల్‌కు పూర్తి చేశారు కదా.

లెక్కల సారు:
చేశారు, కాదనను. ఊళ్లో పదింట ఒక ఇంటికి కరెంటుంటే ఆ ఊరికి వచ్చినట్టే అన్నది నిబంధన, అదీ గుర్తుపెట్టుకోండి. ఇంటింటికీ కుళాయి గడువైతే 2024 కాస్తా 2028 అయింది.

తోతాపురి తోట:
సార్, మా దగ్గర పోయినేడాది, అంటే 2025లో, ఇదే జరిగింది. తోతాపురికి కిలో 12 రూపాయలన్నారు: గుజ్జు ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. ట్రాక్టర్ గేటు ముందు క్యూలో ఉండగానే అడుగు కాయలు మెత్తబడి రసం కారింది. చివరికి చేతికిచ్చిన చీటీలో బండి నంబరుంది, తూకముంది, ధర గడి మాత్రం ఖాళీ. అడిగితే "తర్వాత చెప్తాం పో" అన్నారు. ప్రభుత్వం 4 ఆలస్యంగానైనా ఖాతాలో పడింది. ఆ 8 మాత్రం 5 దగ్గరే ఆగింది. ఆఫీసులో అడిగితే, 8 ఇవ్వలేదనడానికి కాగితం చూపమన్నారు.

దామలచెరువు వైపు వాళ్లెవరైనా ఉన్నారా? మీ చీటీలో ధర రాశారా?