కోల్‌కతా టిరెట్టా బజార్ టిఫిన్లు: పంది మాంసం లేనివి దొరుకుతాయా?

వచ్చే శనివారం వైజాగ్ నుంచి కోల్‌కతా వెళ్తున్నాం. పొద్దార్ కోర్టు భవనం పక్కన, టిరెట్టా బజార్ పాత చైనాటౌన్‌లో తెల్లారేసరికే అమ్మే చైనా టిఫిన్ల కోసమే ఆదివారం అక్కడ ఉండేలా టికెట్లు తీశాను. నాలుగేళ్ల కిందట ఎనిమిదిన్నర దాటాక తాపీగా వెళ్తే, అప్పటికే ఖాళీ గిన్నెలు సర్దేస్తున్నారు! ఒకావిడ జాలిపడి అడుగున మిగిలిన ఫిష్‌బాల్ సూప్ పోసిచ్చింది. ఆ మిరియాల ఘాటు ఇంకా నాలుక మీదే ఉంది.

ఈసారి ఆరింటికల్లా చేరాలి. హౌరా స్టేషన్ దగ్గర దిగుతాం, ఆ వేళకి ట్యాక్సీలు దొరుకుతాయా? ఇంకోటి, మా ఆవిడ పంది మాంసం ముట్టదు. మోమోలు, బావోల్లో (లోపల కూరిపెట్టి ఆవిరి మీద ఉడికించే బన్నులు) చికెన్‌వి విడిగా ఉడికిస్తారా, అన్నీ ఒకే ఆవిరి బుట్టలోనా? ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. టాంగ్రాకి (కోల్‌కతాలోని కొత్త చైనాటౌన్) పొమ్మనకండి, మధ్యాహ్నం భోజనానికి ఎలాగూ అక్కడికే.